చెప్పకుండా వెళ్ళండి టీచర్ గారూ

ప్రశ్న: నమస్తే అమ్మా. అనంతపురం జిల్లాలో 31 ఏళ్ళు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈమధ్య నన్ను మా ఊరి జైలుకు అనధికార సందర్శకురాలిగా, అంటే ఉద్యోగి కాకుండా బయటి నుంచి వెళ్ళి జైలు చూసి వచ్చే మనిషిగా, వేశారు. పోయిన నెల మొదటిసారి వెళ్ళాను. చెప్పకుండా పోతే బాగుండదని ముందురోజే ఫోన్ చేశాను. ఆఫీసులో కూర్చోబెట్టి టీ ఇచ్చారు, అంతా తిప్పి చూపించారు, శుభ్రంగానే ఉంది. విజిటర్స్ బుక్‌లో 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాను. బయటికి వస్తుంటే వరసలో నిలబడిన వాళ్ళలో ఒక పిల్లోడు 'నమస్తే టీచర్' అన్నాడు. ఏడో తరగతిలో నా దగ్గర చదువుకున్నవాడే. కుడిచెయ్యి వాచి ఉంది. నేను చూస్తున్నానని వెనక్కి పెట్టుకున్నాడు. ఏమైందిరా అంటే వార్డర్ వైపు ఒకసారి చూసి 'బాత్రూంలో జారిపడ్డా టీచర్' అన్నాడు. ఆ రోజు నుంచి నిద్ర లేదు. సూపరింటెండెంట్ గారికి ఫోన్ చేసి అడగమంటారా? వాళ్ళమ్మకు చెప్పమంటారా? మా అబ్బాయేమో 'జైలు గొడవ నీకెందుకమ్మా, మానేసెయ్' అంటున్నాడు. చట్టం తెలియని నాలాంటి దాన్ని నెలకోసారి పోయి చూసినంత మాత్రాన ఏమన్నా మారుతుందా?

సమాధానం:

టీచర్ గారూ, ఆ ఫోన్ మాత్రం చేయొద్దు. సూపరింటెండెంట్ మంచివాడే కావచ్చు, ఆ చెయ్యి సంగతి ఆయనకు తెలియకపోయి కూడా ఉండవచ్చు. కానీ మీరు ఫలానా పిల్లోడు అని పేరు చెప్పిన నిమిషం నుంచి ఆ పేరు ఆఫీసు నుంచి బ్యారక్ దాకా పోతుంది. సాయంత్రం తాళాలు వేశాక ఆ తాళం వెనక ఉండేది వాడు, మీరు మీ ఇంట్లో ఉంటారు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. లాయరుగా కొత్తలో, ఉచిత న్యాయ సహాయం తరఫున, కడప జిల్లాలో ఒక సబ్‌జైలుకు వెళ్ళేదాన్ని. ఊరి పేరు వద్దు. గొర్రెల దొంగతనం కేసులో వచ్చిన ఒక పల్లెటూరి కుర్రాడు, రాత్రిపూట బ్యారక్‌లో తాగడానికి నీళ్ళుండవని, అడిగినందుకు కొట్టారని నాతో చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా ఆఫీసులోకి పోయి, వాడి పేరు పెట్టి మరీ నిలదీశాను. అక్కడున్నాయన ఎంతో మర్యాదగా 'చూస్తాం మేడమ్' అన్నాడు. మూడు వారాల తర్వాత పోతే కుర్రాడు లేడు, పరిపాలనా కారణాలంటూ రెండు జిల్లాల అవతలి జైలుకు పంపేశారు. వాళ్ళమ్మ అంతకుముందు వారం వారం పొద్దున్నే బస్సెక్కి ములాఖత్‌కు వచ్చి, కొడుకుని చూసుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. ఆ తర్వాత ఒక్కసారి చూసి రావాలంటే రెండు రోజుల కూలి పోవాలి, నాలుగు బస్సులు మారాలి, ఒక రాత్రి బస్టాండులో పడుకోవాలి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కోర్టు దగ్గర కనబడినప్పుడు 'నువ్వు మంచికే చేశావులేమ్మా' అనింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నీళ్ళ సంగతి నేను అడగాల్సిందే, కానీ దానికి వాడి పేరు అక్కర లేదు.

అట్లని చెయ్యి వాచిన పిల్లోణ్ణి వచ్చే నెల దాకా వదిలేయమని కాదు. ఈ వారమే అనంతపురంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, కోర్టు ఆవరణలోనే ఉంటుంది. అక్కడి కార్యదర్శి కూడా జడ్జే. ఆయనకు మాత్రం పేరుతో సహా ఉన్నదున్నట్టు చెప్పండి, చెప్పి ఒకటి అడగండి: లాయరునో, న్యాయ సహాయంలో శిక్షణ పొందిన పారా లీగల్ వాలంటీరునో పంపేటప్పుడు ఆ ఒక్కడి కోసం వచ్చినట్టు కాకుండా, జైల్లో లాయర్ లేనివాళ్ళు ఎవరు, జబ్బు పడినవాళ్ళు ఎవరు అని అందర్నీ కనుక్కునే పద్ధతిలో పంపమనండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెట్టాలని 1987 నాటి న్యాయ సేవాధికార చట్టంలోనే ఉంది. మీకు వెళ్ళడం కుదరకపోతే 15100కి ఫోన్ చేసినా చాలు.

వాళ్ళమ్మకు చెప్పండి, కానీ భయపెట్టకుండా చెప్పండి. 'చెయ్యి వాచినట్టుంది, ములాఖత్‌లో ఒకసారి చూడమ్మా' అంటే సరిపోతుంది. కొడుకు తల్లితో చెప్పేది మీతో చెప్పడు. ఫిర్యాదు పెట్టాలా వద్దా అన్నది మాత్రం వాడే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ రాత్రి అక్కడ పడుకోవాల్సింది వాడే. కాకపోతే చెయ్యి విరిగిందనో, రక్తం వాంతులనో, ప్రాణం మీదికి వచ్చిందనో తెలిస్తే అప్పుడిక వాడి అనుమతి కోసం ఆగొద్దు, రిమాండ్ వేసిన మేజిస్ట్రేట్‌కు అదే రోజు లాయర్ చేత దరఖాస్తు పెట్టించండి.

ఇంకో సంగతి. ఆ వాపు జైల్లో వచ్చిందో, జైలుకు రాకముందు స్టేషన్లో వచ్చిందో మీకు తెలియదు, నాకూ తెలియదు. తెలుసుకోవడానికి మాత్రం దారి ఉంది. అరెస్టు చేయగానే డాక్టర్ చేత పరీక్ష చేయించాలి, ఒంటి మీద దెబ్బలుంటే రాయాలి, ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి గానీ వాళ్ళు చెప్పినవాళ్ళకు గానీ ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఇది ఉండేది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 53వ సెక్షన్ అదే. జైలు గేటు దాటేటప్పుడు మళ్ళీ ఒళ్ళు చూసి రాసుకుంటారు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలావరకు తేలిపోతుంది. రెండింట్లోనూ దెబ్బ లేకపోతే లోపలే తగిలి ఉండాలి, లేకపోతే డాక్టర్ మనిషిని చూడకుండానే సంతకం పెట్టి ఉండాలి, ఆ రెండోది కూడా చిన్న విషయం కాదు. స్టేషన్లోనే కొట్టారని తేలితే మాత్రం ఆలస్యం చేయకూడదు. పోలీస్ స్టేషన్లన్నిటిలో లాకప్పులు, వరండాలు, గేట్లు కనబడేలా సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు, కనీసం ఏడాదైనా ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. ఆ రికార్డింగు చెరిపేయకుండా భద్రపరచమని కోర్టులో ముందే దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలలు పోయాక అడిగితే కెమెరా ఆ రోజు పని చేయలేదన్న జవాబు రావడం నేను చూశాను.

ఇక 'నాలాంటి దాన్ని' అన్నారు చూడండి, దాని గురించి కొంచెం పెద్దగానే చెప్పాలి.

1979లో తీహార్ జైలు నుంచి సునీల్ బాత్రా అనే ఖైదీ సుప్రీంకోర్టు జడ్జికి ఒక ఉత్తరం రాశాడు. తన కోసం కాదు, తన తోటి ఖైదీని డబ్బుల కోసం ఒక హెడ్ వార్డర్ చిత్రహింస పెట్టాడని. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది, ఇద్దరు లాయర్లను జైలు లోపలికి పంపి చూసి రమ్మంది. ఆ డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పులో రెండు విషయాలు మీకు పనికొస్తాయి. సందర్శకులు జైళ్ళకు వెళ్ళి ఖైదీల మాట వినాలన్నది ఒకటి. జైల్లో ఫిర్యాదుల పెట్టె ఉండాలి, దాన్ని జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జి ఆధ్వర్యంలో తెరవాలి అన్నది రెండోది. ఈసారి వెళ్ళినప్పుడు ఆ పెట్టె ఎక్కడుందో చూపించమనండి, తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడగండి. జైలు ఆఫీసు డ్రాయర్లోంచి తాళంచెవి బయటికి వస్తే ఇక ఆ పెట్టెలో కాగితం ఎవరు వేస్తారు?

సందర్శకులను పెట్టే పద్ధతి బ్రిటిష్ వాళ్ళ నాటిది, 1894 జైళ్ళ చట్టంలోనే దానికి చోటుంది. జిల్లా జడ్జి, కలెక్టరు హోదా రీత్యా వెళ్తారు, మీలాంటి వాళ్ళు బయటి మనుషులుగా వెళ్తారు. ఈ బయటి మనుషుల సంగతి చాలా చోట్ల కాగితం మీదే ఉండిపోయింది. కేంద్ర హోం శాఖ 2011లో రాష్ట్రాలకు దీని మీద సూచనలు పంపింది, 2015 జులైలో కస్టడీ హింస మీద నడిచిన డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, జైళ్ళకే కాకుండా పోలీస్ స్టేషన్లకు కూడా అనధికార సందర్శకులను పెట్టడం ఆలోచించమని రాష్ట్రాలకు చెప్పింది. నా దృష్టిలో స్టేషన్లదే ఎక్కువ అవసరం, దెబ్బలు ఎక్కువగా పడేది మొదటి రోజునే, మేజిస్ట్రేట్ ముందుకు తీసుకురావడానికి ఉన్న ఆ 24 గంటల్లోనే. అక్కడికి మీలాంటి వాళ్ళు పోగలిగే రోజు రావాలి.

ఈ ఆలోచన బయటి దేశాల్లో ఎట్లా పుట్టిందో కూడా చెప్తాను, ఎందుకంటే అది పుట్టించిన మనిషి కూడా పోలీసూ కాదు, జడ్జీ కాదు. జాన్ జాక్ గోటియే అని స్విట్జర్లాండులో జెనీవా బ్యాంకరు. యుద్ధఖైదీలను రెడ్‌క్రాస్ వాళ్ళు పోయి చూసి వస్తున్నారు కదా, దానివల్ల అక్కడ కొట్టడం తగ్గుతోంది కదా, మరి మామూలు రోజుల్లో మామూలు జైళ్ళకు ఎవరూ ఎందుకు పోరు అన్నది ఆయన ప్రశ్న. ఎవరినో కొట్టాక కేసు పెట్టడం కంటే, ఏ రోజు ఎవరు తలుపు తడతారో తెలియకుండా ఉంటే అసలు చెయ్యి లేవదని ఆయన నమ్మాడు. 1977లో దాని కోసం ఒక సంస్థ పెట్టాడు. పాతికేళ్ళు పట్టింది, 2002 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి, చిత్రహింసల వ్యతిరేక ఒప్పందానికి అనుబంధంగా, ఇంకో ఒప్పందం ఆమోదించింది, 2006 జూన్ నుంచి అమల్లో ఉంది. దాంట్లో చేరిన దేశాలు, మనుషులను నిర్బంధంలో పెట్టే ప్రతి చోటుకూ ఒక స్వతంత్ర బృందాన్ని రానివ్వాలి, పిచ్చాసుపత్రులైనా, పిల్లల హోములైనా సరే. మాల్దీవులు చేరింది, శ్రీలంక 2017లో చేరింది. మనం చేరలేదు. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఉన్న అసలు ఒప్పందం మీదే 1997లో సంతకం పెట్టి, ఇన్నేళ్ళుగా దాన్ని ఆమోదించకుండా ఉన్నాం. 2010లో ఒక బిల్లు లోక్‌సభ దాటింది, రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి పోయి, చట్టం కాకుండానే మురిగిపోయింది. కాబట్టి టీచర్ గారూ, వేరే దేశంలో ఒక వ్యవస్థ చేసే పనిని మన దగ్గర మీ చేతిలో ఉన్న ఆ ఆర్డర్ కాగితం చేయాలి. అందుకే మానేయొద్దంటున్నాను.

ఈసారి వెళ్ళేటప్పుడు ఫోన్ చేయకండి. 2015లో ఐక్యరాజ్యసమితి సవరించిన ఖైదీల కనీస ప్రమాణాల్లో, మండేలా పేరు పెట్టినవాటిలో, తనిఖీకి వెళ్ళేవాళ్ళు ముందు చెప్పకుండా వెళ్ళవచ్చని, ఖైదీలతో ఏకాంతంగా మాట్లాడవచ్చని స్పష్టంగా ఉంది. నేను చెప్పి వెళ్ళే రోజుల్లో వెళ్ళేసరికి ఫినాయిల్ వాసన గుప్పుమనేది. ఒక పెద్దాయన, అన్నం పళ్ళెం పట్టుకుని నిలబడి, నాకు మాత్రమే వినబడేలా 'మీరొచ్చే రోజు పప్పు గట్టిగా ఉంటాదమ్మా, వస్తా ఉండండి' అన్నాడు. అప్పటి నుంచి నేను పప్పు పల్చగా ఉండే రోజున పోవడం నేర్చుకున్నాను. భోజనం వేళకు కొంచెం ముందు వెళ్ళండి, వంటగదిలో గంటె పెట్టి చూడండి. బ్యారక్ చివర మరుగుదొడ్డి దాకా మీరే నడిచి పోయి తలుపుందా, గడియ ఉందా, కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయా చూడండి. అనంతపురం ఎండల్లో ఎంతమందికి ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయో లెక్కపెట్టండి.

మాట్లాడేటప్పుడు చేతివేళ్ళ మధ్య చూడండి. గజ్జి ఉంటే ఎర్రగా పొక్కులు కనబడతాయి, రాత్రంతా గోక్కుని ఉంటారు. పది మందిలో ఏడుగురికి ఉందంటే మందు రావడం లేదనీ, కిక్కిరిసి పడుకుంటున్నారనీ, పక్కబట్టలు ఎండలో వేయడం లేదనీ ఎవరూ నోరు విప్పకుండానే మీకు తెలిసిపోతుంది.

ఒక్కణ్ణి పిలిచి మాట్లాడొద్దు. కనీసం ఎనిమిది మందితోనో పది మందితోనో, అందరినీ అవే ప్రశ్నలు, అంతే సేపు. మీ పిల్లోణ్ణి ఐదోవాడిగానో ఆరోవాడిగానో పిలవండి. వార్డర్‌కు మీరు కనబడే దూరంలో ఉండి, వినబడని దూరంలో కూర్చోండి. 'వాళ్ళ భద్రత మీ బాధ్యత, అందుకే మీకు కనబడేలా కూర్చుంటాను' అని చెప్తే సాధారణంగా కాదనరు. నిన్ను కొట్టారా అని అడగకండి, అడిగితే లేదనే అంటారు. పొద్దున ఎన్నింటికి లేస్తారు, జ్వరమొస్తే ఎవరికి చెప్తారు, చెప్పాక ఎంతసేపటికి డాక్టర్ దగ్గరికి పంపుతారు, ఇక్కడ దేనికి శిక్ష వేస్తారు, వేస్తే ఏం చేస్తారు, ఇట్లా అడగండి. కేసు గురించి అడగొద్దు, బెయిల్ ఇప్పిస్తాననీ అనొద్దు, ఉత్తరాలూ డబ్బులూ లోపలికి బయటికి మోయొద్దు, అట్లా ఒక్కసారి దొరికితే మిమ్మల్ని తీసేయడానికి అది చాలు.

చట్టం తెలియదన్నారు. 31 ఏళ్ళు క్లాసులో పిల్లల మొహాలు చూశారు. ఎవరు కొట్టార్రా అంటే జవాబు చెప్పే ముందు ఎవరివైపు చూశాడో దాన్నిబట్టి కనిపెట్టేవారు కదా. మొన్న కూడా మీరు చూసింది అదే, జవాబు కంటే ముందు వాడి చూపు వార్డర్ మీదికి పోవడం మీకు పట్టింది. లా చదివిన నాకు అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

వార్డర్లతో కూడా మాట్లాడండి. ఎన్ని గంటల డ్యూటీ, సెలవు దొరుకుతుందా, రాత్రి ఎంతమంది ఉంటారు. ఇద్దరు చేయాల్సిన చోట ఒక్కడు చేస్తుంటే ఆ చిరాకు ఎవరి మీద తీరుతుందో చెప్పక్కర్లేదు. మీరు రాస్తే వాళ్ళకూ మనుషులు వస్తారు. మీరు తమ కోసం కూడా అడుగుతున్నారని తెలిశాక కొందరు వార్డర్లే మెల్లగా నిజం చెప్తారు, నాకు ఆ అనుభవం రెండుసార్లు అయింది.

ఇక ఆ పుస్తకం. 'సంతృప్తికరం' అన్న మాట ఇక రాయకండి టీచర్ గారూ. రేపు ఆ జైల్లో ఏదన్నా జరిగితే ముందు చూపించేది మీ సంతకం ఉన్న ఆ పేజీనే. చూసింది చూసినట్టు, లెక్కలతో రాయండి: 'ఈ రోజు ముందస్తు సమాచారం లేకుండా పదకొండున్నరకు వచ్చాను. రెండో బ్యారక్‌లో ఇంతమంది, మరుగుదొడ్లు రెండు, ఒకదానికి తలుపు లేదు. పది మందితో మాట్లాడాను, ఏడుగురికి చర్మవ్యాధి. డాక్టర్ చివరిసారి వచ్చింది ఫలానా తేదీన అని రిజిస్టర్లో ఉంది.' కొట్టడం గురించి ఎవరన్నా చెప్తే పేరు లేకుండా 'ఒకరికంటే ఎక్కువమంది చెప్పారు' అని, అది నిజంగా ఒకరికంటే ఎక్కువమంది చెప్తేనే రాయండి. అన్నది ఒక్కడే అయితే పుస్తకంలో వద్దు, న్యాయ సేవాధికార సంస్థకు విడిగా చెప్పండి. మీరు రాసినదాన్ని ఇంటికొచ్చి వెంటనే మీ సొంత నోటుబుక్కులో కూడా తేదీ వేసి రాసుకోండి. వచ్చే నెల పోయి మొదట అడగాల్సింది ఆ తలుపు గురించే. ఎంత చెప్పినా జవాబు లేకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయండి. 2021లో ఆ ఆఫీసును హైదరాబాద్ నుంచి మన కర్నూలుకే తెచ్చారు, రాసే ముందు ఇప్పటి చిరునామా ఒకసారి కనుక్కోండి. జైళ్ళకు వెళ్ళి చూసే అధికారం ఆ కమిషన్‌కు 1993 చట్టంలోనే ఉంది.

మీ అబ్బాయి సంగతి. తల్లి కోసం భయపడుతున్నాడు, తప్పేమీ లేదు. ఆయనకు ఒక లెక్క చెప్పండి. 2022 నాటి జాతీయ లెక్కల ప్రకారం దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా తప్పు చేశారో లేదో ఏ కోర్టూ తేల్చని మనుషులు. మీ దగ్గర ఏడో తరగతి చదివినవాడు కూడా వాళ్ళలో ఒకడేమో. ఒకవేళ తప్పే చేశాడనుకుందాం, కోర్టు వేసే శిక్ష జైల్లో ఉండమని, అంతవరకే. చెయ్యి విరగ్గొట్టమని ఏ జడ్జీ రాయడు.

భయం ఉంటే ఒక్కరే పోకండి, మీలాగే వేసిన ఇంకో సందర్శకులు ఎవరన్నా ఉంటే కలిసి పోండి. ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్ళండి, ఎట్లాగూ గేటు దగ్గర తీసుకుంటారు. కళ్ళజోడు, చిన్న పుస్తకం, పెన్ను చాలు. టీ ఇస్తే తాగండి, కానీ లోపల అంతా చూసి వచ్చాక తాగండి. ఆ పిల్లోడు ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడు చెయ్యి గురించి మీరు ముందు ఎత్తొద్దు, మిగతావాళ్ళను అడిగినట్టే జ్వరమొస్తే ఎవరికి చెప్తావురా అని అడగండి, అడిగి కాసేపు ఊరికే కూర్చోండి. వెళ్ళొచ్చాక నాకు రాయండి, ఈసారి పుస్తకంలో ఏం రాశారో కూడా.